మిరియానికి మందు

మంగళవారం, స్టుట్‌గార్ట్

మా పెంపుడు ఎలుక మిరియానికి లుకేమియా అట. పొట్టలో చేతికి తగిలింది గడ్డ కాదు, వాచిపోయిన ప్లీహమని వెటర్నరీ డాక్టరమ్మ చెప్పింది. నయం కాదు. మందులతో కొన్ని వారాలు ఉంచవచ్చు, లేదా ఈరోజే సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చవచ్చు అంది.

"ఎలుకనే కదా, ఇంకెందుకు బాధపెట్టుడు?" అన్నారు మా ఆయన ఫోన్‌లో.

"నైన్, వద్దమ్మా. అది ఇంకా తింటోంది. తినడం మానేస్తే అప్పుడు నిద్రపుచ్చమని నేనే చెప్తా," అంది పక్కనే ఉన్న మా తొమ్మిదేళ్ల అనన్య.

ఇంటికి తెచ్చేశాం. అరటిపండు గుజ్జులో మందు కలిపి పెడితే, నా వేలు రెండు చేతులతో పట్టుకుని మొత్తం నాకేసింది. రోజూ తూచడానికి వంటింటి త్రాసు దానికే ఇచ్చేశాను. ఉన్నన్నాళ్లూ నొప్పి తెలియకుండా చూసుకుంటాను.

కానీ ఆ చివరి మాట పిల్ల చేత చెప్పించను. నేనే గమనిస్తాను, నేనే చెప్తాను. అది అనన్యకి ఎలా చెప్పాలో మాత్రం ఇంకా తెలియదు.