బతికిపోయింది

అడ్డుకట్టల పరిశోధన చూసే సారుగారికి,

వాగుకు అడ్డంగా మీరు కట్టించిన కట్ట వల్ల మా బావిలో నీళ్ళు ఊరిన మాట నిజం. దాని మీద నాకేమీ కోపం లేదు.

ఎంత మేలు జరిగిందో కనుక్కోవడానికి మీ ఆఫీసు అమ్మాయి మా ఇంటికొచ్చింది. "ఇదివరకు నీళ్ళు ఎవరు మోసేవాళ్ళు పెద్దమ్మా?" అంది. మా చిన్నది అన్నాను. "మరి ఇప్పుడు?" అంది. ఇప్పుడు వెళ్ళట్లేదమ్మా అన్నాను. "హమ్మయ్య, బతికిపోయింది" అని నవ్వుతూ రాసుకుంది. నేను లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

నిన్న ఊళ్ళో పెట్టిన సభలో మీరు చదివారు, మా ఇంటి ఆడపిల్లకు నీళ్ళు మోసే బాధ తప్పిందని. వచ్చిన పెద్దలంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్కనున్న మా తోడికోడలు నా చేతులు పట్టుకుని ఆపింది.

మా చిన్నది జ్వరంతో పోయింది సారూ. బావిలో నీళ్ళు ఊరకముందే పోయింది. మేలు జరిగినవాళ్ళలోంచి దాన్ని తీసేయండి. ఆ అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. ఎండన పడి వచ్చింది, అడిగి మరీ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.

నీళ్ళు ఎవరు తెస్తున్నారన్న చోట, తల్లి తెస్తోందని రాయండి. బావి దగ్గరే. నాకేం కష్టం లేదు.

ఉంటాను సారూ,
చిన్నదాని అమ్మ