ఆదివారం వెనక తలుపు

ఫిబ్రవరి 5, గురువారం

రమణయ్య సర్పంచ్‌కి నామినేషన్ వేశాడు. ఉదయగిరి హాస్పిటల్ రోడ్డు నిండా వాడి ఫ్లెక్సీలే. పేరు ముందు డాక్టర్ అని రాయించుకున్నాడు. వాడు డాక్టరూ కాదు, ఫార్మసిస్టూ కాదు. వాడి మెడికల్ షాపు గోడకి వేలాడే సర్టిఫికెట్ కావలిలో ఎవరిదో, అద్దెకి తెచ్చింది. ఈ మాట పదేళ్ల కింద మందుల షాపుల అసోసియేషన్ మీటింగులో వాడి ముఖం మీదే అన్నాను. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. వాడు ప్రెసిడెంట్ అయ్యాడు, నేను అసోసియేషన్ వదిలేశాను. ఆత్మకూరు దాకా ప్రతి షాపువాడూ వాడికి నమస్కారం పెడతాడు. నేను పెట్టను.

బస్టాండ్ దగ్గర నా షాపు గోడ మీద ఉన్నది నా డి.ఫార్మసీ. నా పేరు, నా ఫొటో.

ఫిబ్రవరి 6

నేనూ వేశాను. గెలిస్తే ఏం జేస్తారు అని మా ఆవిడ కరుణశ్రీ అడిగింది. వాడు ఓడాలి అన్నాను. నేను అడిగింది అది కాదు అని వంటింట్లోకి పోయింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి నేరుగా షాపుకొచ్చి వెనక తలుపు తీసి పెట్టాను. వాడొచ్చాడు. నా మీద పోటీలో ఉన్నా సరే, పదిహేను రోజులకోసారి ఆదివారం రావడం మాత్రం తప్పలేదు.

వాడికి ఫిట్స్ ఉన్నాయి. ఆ మందు వాడి షాపులోనూ ఉంటుంది, కానీ స్టాకంతా కొడుకు కంప్యూటర్‌లో చూస్తాడు. ఇంట్లో తెలియడం వాడికి ఇష్టం లేదు. ఆత్మకూరులో కొంటే ప్రెసిడెంటుగారు ఏం కొన్నారో సాయంత్రానికల్లా షాపులన్నిటికీ తెలిసిపోతుంది. మిగిలింది నేను. నేను అసోసియేషన్ మనిషిని కాను గదా. వాడు నెల్లూరు డాక్టర్ చీటీ చూపిస్తాడు, నేను స్ట్రిప్పులు బల్ల మీద పెడతాను. నాలుగేళ్లుగా ఇదే తంతు, ఒక్క మాట లేకుండా. షాపులో చూసింది షాపులోనే ఉండాలి. అది నా పద్ధతి.

కరుణకి మాత్రం చెబుతుంటాను, రోజూ భోజనం దగ్గర. ఇవాళ హైస్కూల్ లెక్కల టీచరు నిద్రమాత్రలు కొన్న సంగతి చెప్పాను. క్లాసులో పిల్లలందరినీ నిద్రపుచ్చే మనిషికి తనకి నిద్ర రాదట అన్నాను. ఆమె నవ్వలేదు. ఈ మధ్య దేనికీ నవ్వడం లేదు.

రమణయ్య సంగతి ఒక్కటే ఆమెకి కూడా చెప్పలేదు. ఎందుకో అది నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

గుర్తులిచ్చారు. నాకు ఉంగరం, వాడికి కుట్టుమిషన్.

ఓట్లడగడానికి పోతే మనుషుల కంటే ముందు మందులు గుర్తొస్తున్నాయి. ఇది షుగర్ ఇల్లు. ఇది థైరాయిడ్. ఆ మిద్దెలో మొగుడూ పెళ్లాం ఇద్దరికీ గ్యాస్. పాంప్లెట్ చేతికిస్తే కొంగుముడి విప్పి, ఈ మాత్ర పొద్దున ఏసుకోవాల్నా రేత్రికా అని అడుగుతున్నారు. కొయ్యగరిటెలు చేసే వీధిలో ఓబులమ్మవ్వ నా చెయ్యి పట్టుకుని, నాయనా నువ్వు సర్పంచివైతే షాపులో ఎవురుంటారు, నాకు బీపీ మందు ఎవురిస్తారు, ఓటు ఆ రమణయ్యకే ఏస్తాలే, ఆయన షాపులో ల్యాకపోయినా మాకేం నష్టం ల్యా అనింది. పొగిడిందో తిట్టిందో అర్థం కాలేదు. నా ప్రచారం చూసుకునే ప్లాట్ల బ్రోకర్ ప్రశాంత్ వీధి చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 19

బస్టాండ్ సెంటర్లో, నా షాపు ఎదురుగా, మైకు పట్టుకుని వాడన్న మాట: డేవిడ్‌రాజు డేట్ అయిపోయిన మందులు అమ్మతాడు, అట్టాంటోడి చేతిలో పంచాయితీ పెడితే ఊరికే డేట్ అయిపోతాది.

జనం నవ్వారు. నా షాపు మెట్ల మీద నిలబడి నా గిరాకీలే నవ్వారు.

ప్రతి నెలా గడువు దగ్గరపడ్డ సరుకు ఒక్కొక్కటీ ఏరి కంపెనీకి తిప్పి పంపేది నేను. రేకు మీద అక్షరాలు కనపడక భూతద్దం కొనుక్కున్నది నేను. ఇంటికొచ్చి బీపీ చూసుకున్నాను. ఎంతో రాయను.

ఫిబ్రవరి 20

ప్రశాంత్ అన్నాడు: అన్నా, ఇన్నేండ్లుగా ఊరోళ్ల మందులన్నీ నీ చేతి మీదగానే పోతా ఉండాయి, వాడి రోగం ఒక్కటన్నా నీకు తెలవదా అని.

ఉంది అన్నాను. ఏందో చెప్పమన్నాడు. ఆదివారం ఆఖరి మీటింగులో మైకులో నేనే చెబుతానన్నాను. పంచాయితీ నడుస్తుండగా కుర్చీలోంచి కిందపడి కొట్టుకునేవాడు మీకు సర్పంచ్‌గా కావాలా అని అడుగుతాను. రెండుసార్లు పైకి అని చూసుకున్నాను. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 22, ఆదివారం. మధ్యాహ్నం 1

వాడొచ్చాడు. నేనిచ్చేవి డేట్ అయిపోయిన మందులని ఊరంతా చాటినవాడు, స్ట్రిప్పు తిప్పి డేట్ కూడా చూడలేదు. జేబులో వేసుకుని పోయాడు. నేను చెప్పనని అంత ధీమా. సాయంత్రం తెలుస్తుంది వాడికి.

అదే రోజు, 3 గంటలు

భోజనం దగ్గర కరుణకి అంతా చెప్పాను. వడ్డిస్తున్నదల్లా గరిటె గిన్నెలో పెట్టేసి, చెప్పొద్దు అంది. నేను అరిచాను. ఊరి ముందు నా పరువు తీసినవాడి మీద నీకెందుకు జాలి అన్నాను. జాలి గాదు, మీరు చెప్తే ఆయనా నోరు తెరుస్తాడు, నా సంగతి బయటికొస్తాది అంది.

ఆరేళ్లుగా డిప్రెషన్ మందు వాడుతోందట. ఆత్మకూరులో వాళ్లక్క రాహేలమ్మ ఇంటికని పోయేది డాక్టర్ దగ్గరికట. మందు కొనేది రమణయ్య షాపులో, మధ్యాహ్నం వాడొక్కడే ఉండే వేళ. యాడ కొన్నా ఆ షాపోళ్లు మీతో అనేస్తారు, మీతో మాట్లాడనోడు ఆయనొక్కడే గదా అంది. స్ట్రిప్పు ఎక్కడ పెడతావని అడిగితే బియ్యం డబ్బాలోంచి తీసి చూపించింది. నాకు బాగా తెలిసిన మందే. డోసు కూడా తక్కువేం కాదు.

ఇంట్లో ఫార్మసిస్టుని పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు అని అడిగాను. ఆమె ఏడవలేదు. మీరు దినామూ కూటికాడ ఎవురు ఏ మందు కొన్నారో చెప్పి నవ్వతా ఉంటారు, ఆ వరసలో నేను గూడా కూర్చోవాల్నా అంది.

నేను తినలేకపోయాను. ఆమె తిని కంచం కడుక్కుంది.

రాత్రి

మైకులో మురుగుకాలవల గురించి మాట్లాడాను. ప్రశాంత్ మీటింగు అయ్యేదాకా కూడా ఆగలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఓడిపోయాను. బాగా తేడాతో. ఓబులమ్మవ్వ అన్నంత పనీ చేసింది.

వాడి ఊరేగింపుని కావాలనే నా షాపు ముందు ఆపారు. పటాకులన్నీ అక్కడే కాల్చారు. వాడి మీద నా కోపం పిసరంత కూడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. నా భార్య గురించి నాకు తెలియనిది వాడికి ఆరేళ్లుగా తెలుసు. మైకులో నన్ను తిట్టేటప్పుడు కూడా తెలుసు. అయినా ఆ ఒక్కటీ అనలేదు. ఎక్స్‌పైరీ మాట ఏదో ఒకనాటికి మర్చిపోతానేమో, ఇది మాత్రం క్షమించలేను.

మార్చి 8, ఆదివారం

వెనక తలుపు దగ్గర రమణయ్య. బల్ల మీద రెండు స్ట్రిప్పులు పెట్టాడు. పదేళ్ల తర్వాత నాతో నోరు తెరిచాడు. షాపు కాడ దినామూ జనం, కరుణమ్మ రాలేకపోయినాది, ఇంట్లో చెప్పేసినానని ఫోన్ జేసినాది, ఈ మందు మజ్జలో ఆపకూడదు అన్నాడు.

వాడి ఫిట్స్ మందు వాడికిచ్చాను.

వాడు పెట్టిన స్ట్రిప్పులు ఇంటికి తెచ్చి కరుణ చేతిలో పెట్టాను. తీసుకుంది. భోజనం దగ్గర మాట్లాడటానికి నాకేమీ దొరకలేదు.

అదే మందు నా షాపులో ఎడమ పక్క అరలో ఉంది. ఆమె ఇంకా నన్ను అడగలేదు.