తడి కట్టెకు నా ఓటు

మార్చి 3, మంగళవారం

ఈరోజూ అదే గొడవ. కోడిని పొగబెట్టే ముందు తుమ్మ కట్టెను నీళ్లల్లో నానబెట్టాలా, వద్దా. మా ఈయన నానబెట్టాలంటాడు. హైదరాబాద్‌లో బార్బెక్యూ హోటల్లో ఆరేళ్లు చేశాడు, అక్కడ అలాగే చేసేవాళ్లట. నా తమ్ముడు వంశీ వద్దంటాడు. నానిన కట్టె నుంచి ముందు వచ్చేది పొగ కాదు, ఆవిరి అని యూట్యూబ్‌లో ఎవరో తెల్లాయన చెప్పాడట. పెబ్బేరు దగ్గర హైవే పక్కన షెడ్డు వేశాం. ఈస్టర్ మరునాడు ఓపెనింగ్. 'స్మోక్ చికెన్' అని బోర్డు కూడా రాయించాం. పొగ సంగతే ఇంకా తేలలేదు.

వంశీ బెంగళూరు పని మానుకుని మాతో కలిశాడు. తన మాటకు విలువ లేకపోతే మళ్లీ బెంగళూరే పోతానంటున్నాడు. వాడు పోతే షెడ్డు నడపడం ఈయన ఒక్కడి వల్ల కాదు. అది అటుంచి, వాడు పోవడం నాకే ఇష్టం లేదు. అమ్మ పోయాక నాకున్నది వాడొక్కడే.

మార్చి 6

ఇద్దరూ ఒక మాటకొచ్చారు. ఆదివారం పొగబెట్టే రెండు డ్రమ్ముల్లో రెండు కోళ్లు. ఒకదాంట్లో నానిన కట్టె, ఇంకోదాంట్లో ఎండు కట్టె. తిని చెప్పాల్సింది నేను. మా అత్త జమ్ములమ్మ ఈస్టర్ దాకా శ్రమదినాలని నీసు ముట్టదు, కాబట్టి నేనే దిక్కు. అక్క ఏం చెప్తే అదే ఫైనల్ అన్నాడు వంశీ. ఈయన తలూపాడు.

నన్నెవరూ అడగలేదు. నాకు వాసన తెలియదు. కరోనా వచ్చి పోయింది గానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. ఉప్పు, కారం, పులుపు తెలుస్తాయి, అంతే. ఎవరికీ చెప్పలేదు. హోటల్ పెట్టేవాడి పెళ్లానికి ముక్కు లేదంటే నవ్వరా? వంట దగ్గర అత్తను పక్కన పెట్టుకుని నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు పొగకు నేను తీర్పు చెప్పాలట.

మార్చి 7, సాయంత్రం 6

బకెట్లో కట్టె నానుతోంది. పక్కన కూర్చుని ఎవరి పేరు చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

మార్చి 8, ఆదివారం

అత్త పొద్దున్నే ప్రార్థనకు వెళ్లొచ్చింది. మేం చర్చి నుంచి వచ్చేసరికి రెండు డ్రమ్ములూ రాజేసి పెట్టింది. కోళ్లు లోపల వేలాడదీశాం. బకెట్ కట్టె ఎడమ డ్రమ్ములో వేయమని ఈయన చెబితే సరే సరే అంది. మొగోళ్లిద్దరూ వేపచెట్టు కింద కూర్చుని వాదించుకుంటుంటే కట్టె వేసే పనంతా ఆమే చూసుకుంది.

రెండూ తిన్నాను. ఉప్పు సమానం. మెత్తదనం సమానం. ఇంకేమీ తెలియలేదు. ఈయన ఎడమ డ్రమ్ము కోడి నమిలి, పొగ ఎంత కమ్మగా పట్టిందో అని కళ్లు మూసుకున్నాడు. వంశీ అదే కోడి ముక్క నోట్లో పెట్టుకుని చేదన్నాడు. కుడి డ్రమ్ముది అద్భుతమన్నాడు.

నేను తడి కట్టెదే బాగుందన్నాను. ఎందుకన్నానో తెలియదు. తమ్ముడు సర్దుకుంటాడులే, మొగుడు సర్దుకోడు అనుకున్నానేమో. వంశీ చేయి కడుక్కుని మా పుట్టింటికని కోడేరు బస్సెక్కాడు.

మార్చి 9

వంశీ ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 11, మధ్యాహ్నం

మిద్దె మీద ఎండుమిరపకాయలు ఎత్తడానికి పోతే పక్కనే తుమ్మ ముక్కలు ఆరేసి ఉన్నాయి. ఇవేంటని అత్తను అడిగాను. తిరిగి నన్నే తిట్టింది. మంచి కట్టెను బకెట్లో పడేసిందెవరు, నేను చూసి ఆదివారం పొద్దున్నే తీసి ఎండేశాను కాబట్టి సరిపోయింది అంది. మరి ఎడమ డ్రమ్ములో ఏం వేశావన్నాను.

“రెండిట్ల ఎండు కట్టెనే ఏసిన. తడి కట్టె ఎవరన్న పొయ్యిల పెడ్తరా బిడ్డా?”

వానాకాలంలో ఒక్క పుల్ల తడవకుండా దాచుకునే మనిషి. ఆమెను ఏమనగలను? రెండు కోళ్లకూ పట్టింది ఒకటే పొగ. మరి ఈయనకు ఆ కమ్మదనం ఎక్కడిది? వంశీకి ఆ చేదు ఎక్కడిది? ముక్కు లేనిది నాకా, వాళ్లకా? అసలు ఎవరు ఏం తిన్నారు? నాకు పిచ్చెక్కుతోంది.

మార్చి 12

ఈయనకు చెప్పేశాను. ముందు కట్టె సంగతి. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. పోయి ఎడమ డ్రమ్ము మూత ఎత్తి లోపలికి చూశాడు. తర్వాత నా ముక్కు సంగతి చెప్పాను. అది తెలుసన్నాడు. పోయినేడు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే నేను పొయ్యి పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్నానట. అప్పుడే అర్థమైందట. వంశీకీ తనే చెప్పాడట. ఇంత తెలిసి నన్నెందుకు తీర్పు చెప్పమన్నారని గట్టిగానే అడిగాను.

“నేను వానికి ఓడ. వాడు నాకు ఓడడు. నీకైతే ఇద్దరం ఓడుతమనుకున్నం రోజా.”

కోపమొచ్చింది. కోపంలోనే ఎందుకో కడుపు నిండినట్టూ అనిపించింది. మరి వాడు ఓడకుండా ఎందుకు పోయాడన్నాను. నా ఫోన్ ఎత్తనివాడు బావ ఫోన్ ఎత్తాడట. కట్టె మీద వాడికి పట్టింపేమీ లేదట. ముక్క మింగకముందే నేను బావ మొహం చూశానట. వాడు అన్నమాట ఈయన చెప్పాడు.

“అక్కకు ఏం తెల్వదు గద బావా. తెల్వనప్పుడు నా పేరు చెప్పొచ్చు గద.”

లోపలికి పోయి ఏడ్చాను.

మార్చి 13, పొద్దున 10

కోడేరు. బెంగళూరుకు సర్దుకున్న వంశీ బ్యాగు గుమ్మంలో ఉంది. నేను పోయి దాని మీద కూర్చున్నాను. వాడు లేవమనలేదు. బస్సు వచ్చి పోయింది. ఐదింటికి ఇంకోటి ఉందన్నాడు.

ఉండనీ అన్నాను.