వాపసు రాని కుర్చీ

మెదక్,
2 నవంబరు 2011

మిత్రుడు ఇంద్రకరణ్‌కు,

గిడియోన్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగడం మర్యాద. అడగను. కోపంగా ఉన్నాను.

ఏడాది తర్వాత నీ కవరు వస్తే ఎంత ఆశగా చింపానో! లోపల మీ కంపెనీ కాగితం. బయటివాళ్లకు కూడా పని ఇస్తారట. నా సాంకేతిక నేపథ్యం, నాకు నచ్చిన ప్రోగ్రామింగ్ టూల్స్ రాసి పంపాలట. అడుగుతున్నది ఎవడు? బస్టాండు వెనక నెట్ సెంటర్‌లో నాతోపాటు ఒకే కుర్చీలో చెరి సగం కూర్చొని నేర్చుకున్నవాడు!

సరే, రాసుకో. చదువు: ఇంటర్ ఫెయిల్. గురువు: ఎవడూ లేడు. వెబ్ పేజీ లోపలి కోడ్ తెరిచి చూసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాను. టూల్స్: పీహెచ్‌పీ, మై ఎస్‌క్యూఎల్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. నీ విజువల్ బేసిక్ కాదు. బటన్లు లాగి అతికించడం ప్రోగ్రామింగ్ కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ మాటకే గదా అలిగి పట్నం పోయావు! పోతూ పోతూ, నీ ప్రోగ్రాంతోని చాయ్ డబ్బా గూడ నడువదుర అని గల్లీ అంతా వినేలా అరిచావు.

చాయ్ డబ్బా కాదు, ఆగమ్మ అత్త టెంట్ హౌస్ నడుస్తున్నది. షామియానాలు, కుర్చీలు, వంట గంజులు ఎవరికి కిరాయికి పోయాయో అన్నీ నా ప్రోగ్రామే చెబుతుంది. అందులో గడువు తేదీ దాటితే సామాను వచ్చేసినట్టే అని రాశాను. అత్త నోటికి జడిసి ఎవడూ ఒక్క పూట ఎక్కువ ఉంచుకోడు మరి.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. చౌరస్తాలో రోజుకొక సంఘం రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పు. టీచర్లు వండిన గంజులోనే వకీళ్లు, వాళ్ల తర్వాత ఆర్టీసీవాళ్లు. అత్త కూడా, తెలంగాణ వచ్చినంకనే తెచ్చియ్యుండ్రి అని వాళ్లకు చెప్పేసింది. ఆ ముక్క ప్రోగ్రాంకు ఎవరూ చెప్పలేదు!

ఒక పెళ్లి రోజు పొద్దున వంట స్వామి గంజుల కోసం వస్తే స్క్రీన్ మీద అన్నీ ఉన్నాయి, కొట్టులో ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికి ఊరంతా భోజనానికి వస్తుంది. అత్త నన్ను పట్టుకొని దులిపేసింది: నీ డబ్బల ఉన్నయంటున్నది గదరా, గందుల్నే వండు పెండ్లి అన్నం!

పెళ్లికూతురు నిస్సికి కబురు పోతే ఏడుస్తుందనుకున్నాం. పకపకా నవ్విందట. గంజులు యాడుంటే గాడికే పోదాం, రోడ్డేమన్న పరాయిదా అన్నదట. బియ్యం, మాంసం ఆటోలో వేసుకొని చౌరస్తాకు పోయాం. కండక్టర్ ఎల్లేష్ అన్న తన పప్పు దించి పక్కన పెట్టి, ఇయ్యాల పెండ్లి గూడ ఉద్యమమే, ముందు మీరే వండుండ్రి అని పొయ్యి వదిలాడు. చర్చిలో ప్రార్థన కాగానే బ్యాండు రోడ్డు మీదికే వచ్చింది. సమ్మెవాళ్లు, పెళ్లివాళ్లు ఒకే వరుసలో తిన్నారు. ఒక కొస నుంచి జై తెలంగాణ, ఇంకో కొస నుంచి హల్లెలూయ! పెళ్లికొడుకు సూటుతోనే గంజులో గంటె తిప్పాడు. ఆ మసి ఇప్పటికీ వదల్లేదు.

తర్వాత ప్రోగ్రాం మార్చాను. ఇప్పుడు గంజు రోడ్డు మీదే చేతులు మారినా రాసుకోవచ్చు. సామాను కళ్లతో చూసి లెక్కలో ఎక్కించేదాకా వచ్చిందంటే నమ్మదు. ఆ పెళ్లి నుంచి ఒక కుర్చీ ఇంకా వాపసు రాలేదని రోజూ చూపిస్తున్నది. మళ్ల తప్పిందిరా నీ డబ్బ అని అత్త అరుస్తుంది. ఈసారి తప్పలేదు.

మీ కంపెనీవాళ్లకు ఈ ఉత్తరమే చూపించు. పని ఇస్తే ఇస్తారు, లేకపోతే వాళ్ల ఖర్మ.

ఇంకా కోపంలోనే ఉన్న,
గిడియోన్

తా.క. ఆ పెళ్లికొడుకు ఎవరో అడగవేం? నేనేరా. బస్సులు లేవు, పిలిచినా ఎట్లా వస్తావని అందరికీ చెప్పాను. నిజానికి, పిలిస్తే రానంటావేమోనని భయపడ్డాను. అయినా రోడ్డు మీద నా పక్కన నీకొక కుర్చీ వేయించి, భోజనాలయ్యేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. అది ఇప్పుడు మా ఇంట్లో, కంప్యూటర్ ముందు, నా కుర్చీ పక్కనే ఉంది. నిస్సి కూడా దాని మీద కూర్చోదు. వచ్చి కూర్చో, ఈసారి సగం కాదు, మొత్తం. అప్పటిదాకా వాపసు ఎక్కించను. కిరాయి నీ పేరు మీదే పడుతున్నది.