అన్నయ్య ఒప్పుదల

ఉసూరు, బస్తరు సంస్థానం
బహుధాన్య సంవత్సరం, పుష్య శుద్ధ పంచమి

దుమ్ముగూడెంలో ఉన్న అన్నయ్య రామనర్సయ్యకు చెల్లెలు సోమక్క నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా ఉప్పు బస్తాలూ, రెండు మేకలూ క్షేమం. అక్కడ నువ్వూ, దుర్గమ్మ వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. మీ బావ పోయి నాలుగేళ్లయినా ఈ అడవిలో ఒంటరిగా ఉప్పు కొట్టు నడపడమేమిటని కోప్పడ్డావు. పుష్యం వెళ్లగానే వచ్చి నన్ను తీసుకుపోతానని రాశావు. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ నేను రాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. అది నీకు కష్టమని కూడా తెలుసు.

ముందు నీకు ఇన్నాళ్లూ చెప్పని ఒక పాత కబురు. నిరుడు ఈ రోజుల్లోనే చెన్నపట్నం నుంచి ఒక పంతులుగారు వచ్చి మా ఊళ్లో కొన్నాళ్లు మకాం పెట్టారు. మనుషుల ఆచారాలే ఆయన చదువట. ఎవరి మాట ఎవరు వింటారు, ఎవరు ఎవరిని చేసుకుంటారు, అన్నీ అడిగేవారు. ఇక్కడి అడవి జనం దొర్లవాళ్ల మాట ఆయనకు రాదు కాబట్టి దుబాసీని నేనే. మొదటిరోజు ఊరిపెద్ద ఎవరని అడిగితే అందరూ లచ్చును చూపించారు. లచ్చేమో ప్రతి జవాబుకూ ముందు భార్య మాసే మొహం చూస్తాడు. రెండు రోజులు గమనించి పంతులుగారు తన పీట మాసే వైపు తిప్పుకున్నారు.

మాసే మా పక్కింటి మనిషి, నాకు తల్లిలాంటిది. ఇక్కడ పిల్లకు ఓలి సొమ్ము ఇచ్చుకోలేని పిల్లవాడు పిల్ల ఇంట్లో ఉండి పని చేస్తాడు. కట్టెలు కొడతాడు, దున్నుతాడు. ఆ పని ఇంటివాళ్లు మెచ్చితేనే పెళ్లి. ఎందుకలా అని పంతులుగారు అడిగారు. పని చూడకుండ పిల్లనెట్ల ఇస్తరు, మీ తాన ఏం చూస్తరు అని మాసే ఎదురడిగింది. జాతకం అన్నారాయన. అదేంది అంది. అది వివరించేసరికి మా ఇద్దరికీ చెమటలు పట్టాయి.

తర్వాత నా మీద పడింది. సోమక్క మళ్ల మనువు ఎందుకు చేసుకోలే అని పంతులుగారినే అడిగింది. ఆయనకు ఆ ప్రశ్న చెప్పకుండా, మావాళ్లు ఒప్పుకోరని నేనే జవాబిచ్చాను. ఎవరు ఒప్పుకోరంది. పెద్దలన్నాను. ఏ పెద్దలు, పేర్లు చెప్పు, లచ్చును పంపి అడిగిస్తనంది. లెక్క చూసుకున్నాను. తాతలు లేరు, నాన్న లేడు. మిగిలిన పెద్దవాడివి నువ్వొక్కడివే, అన్నా. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పంతులుగారు పాపం కలం పక్కన పెట్టి మేకలను చూస్తూ కూర్చున్నారు.

అంతవరకూ వీళ్ల పద్ధతులే వింత అనుకున్నాను. మనవీ ఎవరో ఒకరు మొదలుపెట్టినవే కదా, ఎవరో ఒకరు మార్చుకోవచ్చు కదా అనిపించింది. ఇది పంతులుగారి చదువు కాదు, నా సొంత బుర్రే.

వదినకు సారపప్పు పంపుతున్నాను. దాచుకోమను, పిల్లల కంటపడితే మిగలదు.

నీ చెల్లెలు
సోమక్క

తా.క. అసలు సంగతి పైన రాయడానికి చెయ్యి రాలేదు. దసరాకు నువ్వు వచ్చినప్పుడు పెరటి కంచె చూసి, ఇట్లాంటి పనిమంతుణ్ణి వదులుకోకమ్మా అన్నావు. కాల్చిన మొక్కజొన్న కంకులు తిని ఇంకా రెండు అడిగావు. ఆ కంచె కట్టిందీ, ఆ మొక్కజొన్న పండించిందీ మన ఉప్పు బండి తోలే రాఘవులు. నన్ను చేసుకుంటానని అడిగాడు. నాకూ ఇష్టమే. తెలుగువాడైతే ఏంది, పని చేసి మెప్పించాల్సిందేనని మాసే ఏడాదిగా నా పెరట్లో అతని నడుం విరగ్గొడుతోంది. నువ్వు మెచ్చుకున్నప్పుడు లచ్చూ పెద్దలూ అరుగు మీదే ఉన్నారు. అన్న నోట మెప్పు వచ్చిందంటే వాళ్ల లెక్కలో పిల్లను ఇచ్చేసినట్టే. నీకు సంగతి తెలియదని నేను వాళ్లకు చెప్పలేదు. నువ్వు అటు వెళ్లగానే ఇటు సంబంధం ఖాయమని కల్లు పంచుకున్నారు. మాఘంలో పెళ్లి పెట్టారు.

ఊరికి నీ మాట చాలింది. నాకు చాలలేదు. నువ్వు తెలియక అన్నావని నాకు తెలుసు కదా. వదినను వెంటబెట్టుకొని రా. వచ్చి, ఈసారి తెలిసి చెప్పు, అన్నా.