నీళ్లు పోయని కుండీలు

ఎంపిక కమిటీ వారికి,

వేసవి పరిశోధన శిబిరం కోసం నేను పంపిన దరఖాస్తులో ఒక తప్పుంది. నేను కలిపిన మట్టిలో చిక్కుడు మొక్కలు నీళ్లు లేకుండానే మూడు వారాలు పచ్చగా ఉన్నాయని రాశాను. మీరు నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది అది చూసే.

పిలుపు వచ్చిందని చెప్పగానే మా అమ్మమ్మ, "అంతా నా చలవేనే!" అంది. ఎలాగని అడిగాను.

"నోరులేనివి అలా వాడిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోనే? నువ్వు బడికెళ్లగానే రోజూ చెంబెడు పోశాను."

మట్టి తడిగా కనిపించినప్పుడల్లా నా మిశ్రమం గొప్పదనుకున్నాను. అమ్మమ్మని బాల్కనీలోకి రానివ్వకుండా మళ్లీ చేసి చూశాను. వారం తిరక్కుండానే మొక్కలు తలలు వాల్చేశాయి. అమ్మమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఇక నన్ను పిలవాలో వద్దో మీ ఇష్టం. ఒక్క దిద్దుబాటు మాత్రం చేయండి. ఈ ప్రయోగంలో నాకు సాయం చేసిందెవరని దరఖాస్తులో అడిగారు. ఎవరూ లేరని రాశాను.

అది కొట్టేసి, అమ్మమ్మ అని రాసుకోండి.

ఇట్లు,
చిక్కుడు మొక్కల గురించి రాసిన విద్యార్థిని