జాజికాయ పెంకుల దారి

గ్వావ్, గ్రెనడా దీవి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

నా బంగారు ఆల్స్టన్‌కు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, కోళ్ళూ, మీ నాన్న వదిలిపోయిన ముసలి గాడిదా క్షేమం. అక్కడ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది, తినకపోయినా నువ్వు రాయవు కదా.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. జాజికాయ నూనె రాస్తున్నాను. మెట్లు దిగేటప్పుడు బాగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం ఇల్లు ఇంత ఎత్తున కట్టినందుకు మీ నాన్నను తిట్టుకుంటున్నాను. బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు ఈసారి విరగకాసింది. కోసిపెట్టడానికి నువ్వు లేవు.

మన దీవుల కూటమిలోకి మిరియాలు, దాల్చినచెక్క, జాజికాయ ఏటికేడు బయటి దేశాల నుంచే ఎక్కువగా దిగుతున్నాయని నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తుఫాను మన చెట్లు కూల్చినప్పుడు ట్రినిడాడ్, బార్బడోస్ వర్తకులు తూర్పు దేశాల కాయకు అలవాటు పడ్డారనీ, మనవి మళ్ళీ కాపుకొచ్చినా ఆ అలవాటు పోలేదనీ అన్నావు. బయటి సరుకు సుంకం కట్టాలి, కూటమిలో పండింది అక్కర్లేదు, మన రైతుకు మిగిలిన ఆసరా అదొక్కటే అని కూడా నువ్వే రాశావు. అది చదివి నాకు ఏడుపొచ్చింది నాయనా. ఆ ఆసరా మీదే కదా నువ్వు పనిచేసే కంపెనీ యజమాని కన్ను పడింది.

ఇక ఇంటి కింద గదిలో నువ్వు దింపించిన జాజికాయ బస్తాల సంగతి. చెమ్మెక్కాయేమో, ఎండలో వేశావా, ఎవరైనా అడిగారా అని రాశావు. వేశాను. అడిగారు కూడా.

గురువారం పక్కింటి క్లియోతా వచ్చింది. నీ బాప్తిస్మం రోజున నిన్నెత్తుకున్న చేత్తోనే, ఎండలో పోసిన పెంకు లేని కాయ ఒకటి తీసి చూసింది. తర్వాత మన వాకిటి నుంచి రోడ్డు దాకా దారి చూసింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోలాగే మనమూ కాయ కొట్టిన పెంకులు దారి మీదే పోస్తాం కదా. పోయిన కాపువి నలిగి మట్టిలో కలిసిపోయాయి. కొత్తవి ఒక్కటీ లేవు.

“ఏమే ఉర్సులా, ఇన్ని కాయలు కొట్టావు, పెంకులేవే? నువ్వే తినేశావా ఏంటి?”

“గాడిదకి పెట్టానే.”

“పాపం, దానికి పళ్ళెక్కడివే!” అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. “మన కొండ మీది కాయకి పెంకుంటదే. ఓడ దిగొచ్చినదానికే ఉండదు,” అంది మెల్లగా.

నేను కాయలన్నీ గబగబా బస్తాలోకి ఎత్తేశాను. ‘మా యజమానివి, ఎవరన్నా అడిగితే మన తోటవే అను’ అని నువ్వు చెప్పినప్పుడు, అవి ఎక్కడివని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తావని భయం.

శుక్రవారం కాయలు కొనే కేంద్రానికి వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. బార్బడోస్ వర్తకుడు మన సరుకు తిప్పి పంపేశాడట. అంతకుముందు మీ కంపెనీ గ్రెనడా కాయ అని అమ్మిన బస్తాల్లో బూజు పట్టిందట. ఇకమీదట గ్రెనడా పేరే ఎత్తొద్దన్నాడట. క్లియోతా నెత్తిన బుట్టతో నిలబడి ఉంది. “తుఫాను తర్వాత నాటిన చెట్లు బాబూ, ఇది తొలి కాపు. కొనకపోతే మానె, తూకమన్నా వేసి చూడండి,” అని కిటికీ దగ్గరున్న గుమాస్తాను బతిమాలుతోంది. నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ బుట్ట సర్దుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతసేపూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. అక్కడే, అందరి ముందూ నేను నోరు విప్పాను. “ఆ బూజు కాయలు మన దీవివి కావు. నా కొడుకు యజమాని సుంకం ఎగ్గొట్టి బయటి దేశాల నుంచి తెప్పించినవి. ఇంకా కొన్ని నా ఇంటి కింద ఉన్నాయి,” అన్నాను. నీ పేరు కూడా చెప్పాను, ఆల్స్టన్. సుంకం అధికారులు వచ్చి గదికి తాళం వేశారు. వచ్చే శుక్రవారం పడవలో నువ్వు బస్తాల కోసం వస్తావని చెప్పాను. వాళ్ళు రేవులో ఉంటారు.

నీకు ముందే ఉత్తరం రాస్తానని వాళ్ళతో చెప్పే రాస్తున్నాను. “రాస్తే మీవాడు రాడమ్మా,” అన్నాడు పెద్దాయన. “రాడో వస్తాడో నాకూ తెలియాలి కదా బాబూ,” అన్నాను. అందుకే పడవ వంటవాడు సెల్విన్ చేతికిచ్చి పంపుతున్నాను. నీకు కోపం రావచ్చు. నా మీద నాకూ వస్తోంది.

నిన్న సాయంత్రం క్లియోతా తన వాకిట్లోని పెంకులు బుట్టెడు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. వాటిని దారి పొడుగునా పోశాను. పాతవి మెత్తబడి, ఇన్నాళ్ళూ ఎవరొచ్చినా అడుగుల చప్పుడే వినిపించేది కాదు. రేవులో అడగవలసినవి అడిగి నిన్ను ఇంటికి పంపుతామన్నారు. శుక్రవారం కొబ్బరిపాలు పోసి బ్రెడ్‌ఫ్రూట్ వండి, వాకిట్లో కూర్చుంటాను. పెంకులు చప్పుడయ్యేదాకా లేవను.

ఇట్లు,
శుక్రవారం దాకా కంటి మీద కునుకు లేని
మీ అమ్మ,
ఉర్సులా